పందెపు కారు ఊళ

నిజామాబాదు జిల్లాలోని రుద్రూరు చెరకు పండు సీమ. అచ్చట చెరకు, వరి పైరులపై పరిశోధనలు జరుపు కేంద్రము కలదు. సమీపమున బోధనులో 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఈ ప్రాంతపు చెరకును పిండుచుండెను. ఇట్టిచోట పెరిగిన పిల్లలకు పళ్లచక్రము క్రొత్త వస్తువు కాదు. బాటప్రక్కన చెరకురసము తీయు యంత్రము కడ నిలిచి చెవి యొగ్గినచో, ఒక చక్రపు పన్ను మరియొక చక్రపు పన్నును తాకినప్పుడెల్ల ‘టక్కు, టక్కు’మను చప్పుడు వినవచ్చును. పందెపు కారు పెట్టు సన్నని ఊళకు మూలము ఇట్టి తాకిడియే.

20 పళ్లు గల చక్రము రెండు సెకనుల కొకమారు తిరిగిన, సెకనునకు 10 తాకిడులు కలుగును. వానిని చెవి విడివిడిగా గుర్తింపగలదు. 30 పళ్లు గల చక్రము సెకనునకు 100 మారులు తిరిగిన, తాకిడులు 3,000 అగును. అప్పుడు అవియన్నియు కలిసి ఒకే హెచ్చు స్వరముగా వినబడును. వేగము పెరిగినకొలది స్వరమును హెచ్చును.

మరి ఇంటి కారు ఏల ఊళ పెట్టదు? దాని చక్రముల పళ్లు ఏటవాలుగా చెక్కబడియుండును. ఒక పన్ను కొసనుండి మెల్లగా తాకుచు పోవును. అది విడువకమునుపే వేరొకటి అందుకొనును. కావున చప్పుడు తక్కువ. కాని ఏటవాలు పళ్లు చక్రములను ప్రక్కలకు నెట్టును. ఆ ఒత్తిడిని ఓర్చుటకు గట్టి బేరింగులు, బరువైన పెట్టె కావలెను. రాపిడిచే కొంత శక్తియు వ్యర్థమగును. పందెమునందు ప్రతి గ్రాము బరువును, ప్రతి క్షణమును లెక్కకు వచ్చును. అందుచే పందెపు కార్లకు తరచుగా తిన్నని పళ్లనే అమర్తురు. అవి పొడవునా ఒక్కమారుగా తాకును. ప్రక్కకు నెట్టవు, కాని మ్రోగును. చప్పుడును అణచు మెత్తలను సైతము బరువని తీసివేయుదురు.

ఇంజను గర్జనలో ఈ ఊళ కొంత మునిగిపోవును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఈ పందెము జరిగెను. అందు పరుగిడినవి విద్యుత్తు కార్లు. వానికి ఇంజను లేదు, గర్జన లేదు. మోటారు కూతయు, పళ్లచక్రముల కూతయు కలిసిన ఊళయే ముందుగా చెవిని సోకును.

ఈ ధ్వనిని వినుటకు రుద్రూరు పిల్లలు పట్టణమునకు పోనక్కరలేదు. చేతితో గేరు మార్చు పెక్కు కార్లలో, వెనుకకు నడుపు గేరునకు తిన్నని పళ్లే యుండును. ఆ గేరును కొద్దిసేపే వాడుదురు గనుక దానిని నిశ్శబ్దము చేయుటకు అదనపు వ్యయము చేయరు. కారు వెనుకకు పోవునపుడు వినబడు కూత అదియే.

అయితే నిశ్శబ్దముగా నడుచు ఇంటి కారు ముందునకు పోవుచు ఒకనాడు అట్లే కూసినచో ఉపేక్షింపరాదు. పళ్లు అరిగెనో, బేరింగు చెడెనో, నూనె తగ్గెనో పరీక్ష చేయింపవలెను. ధ్వని ఒక్కటే, ఒకచోట అది కోరి చెల్లించిన మూల్యము, వేరొకచోట హెచ్చరిక. ఏది యేదియో తెలియవలెనన్న, ఆ యంత్రము ఏ పనికై చేయబడెనో మొదట అడుగవలెను.