మెట్లు దిగని అరకు ట్రిప్పు

"అన్ని మెట్లు నావల్ల కాదమ్మా, మీరెళ్లి రండి" అంటూ అత్తయ్య బొర్రా గుహల బయటే ఉండిపోయారు.

మేం లోపల సున్నపురాయిలో గైడు చూపించిన ఆకారాలన్నిటికీ ఫొటోలు తీసుకుని వచ్చేసరికి, ఆవిడ బొంగులో చికెన్ అమ్మే అమ్మాయి పక్కన స్టూలేసుకుని కూర్చున్నారు. వెదురు ఎక్కణ్నుంచి తెస్తారు, ఎంతసేపు కాలుస్తారు, పిల్లలెంతమంది... అన్నీ అయిపోయాయి. ఆవిడ చికెన్ ముట్టరు కూడా!

పొద్దున విశాఖలో రైలెక్కినప్పటి నుంచీ ఇదే వరస. కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నాయని ఎవరో చెప్పారు, ఇక మావాడు ప్రతి చీకటికీ వేలు మడవడమే. మా ఆయన మాత్రం అద్దాల బోగీలో హాయిగా గురక. (దానికి అంత టికెట్టెందుకో!)

ఒకే రైలు, ఎవరి ప్రయాణం వాళ్లది.

ప్యాకేజీల వాళ్లేమో బొర్రా, మ్యూజియం, కాఫీ తోటలు, చాపరాయి అన్నీ ఒక్క పగల్లో కుక్కేస్తారు. పెద్దవాళ్లుంటే అరకులో ఒక రాత్రి ఆగాల్సిందే అంటాన్నేను. చలికాలం మొదట్లో అయితే వలిసె పూల పసుపుని మంచం మీద కూర్చునే చూడొచ్చు.

మీ ఇంట్లో మెట్లు దిగని వాళ్లని ఎక్కడికి తీసుకెళ్లారు? చెప్పండి, సంక్రాంతి సెలవులకి ప్లానేసుకోవాలి.