గుడి వెనుక వాలీబాల్ కోర్టు

గుంటూరు జిల్లాలోని మా పేటలో గుడి వెనుక పది సెంట్ల ఖాళీ స్థలమున్నది. 2022 వేసవి వరకు అందులో సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేదు. ఆ ఏడు మేమిద్దరం నలుగురు యౌవనస్థులను వెంటబెట్టుకొని తుమ్మ కొట్టించి, రెండు సర్వి కర్రలు పాతి వల కట్టాము.

అప్పటికి ఇంటర్ తప్పిన పిల్లలు పేటలో ఐదుగురున్నారు. పగలు మిరప చేలలో కూలి, సాయంత్రం గోడల మీద కూర్చోవడం. ఊళ్లోని మైదానంలో మన పిల్లలకు బంతి తెచ్చి ఇచ్చే పని తప్ప ఆట దొరకదు. క్రైస్తవులమని వ్రాయించుకుంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి ఎస్సీలు కారు, బీసీ-సి. ఊరు మాత్రం ఆ తేడా ఎన్నడూ పాటించలేదు!

గుడి స్థలంలో ఆటలేమిటని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. వాలీబాల్‌ను 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో కనిపెట్టినది వై.ఎం.సి.ఏ. వ్యాయామ ఉపాధ్యాయుడు విలియం మోర్గానే అనీ, బాస్కెట్‌బాల్ కష్టమైన నడివయసు వారి కోసం కల్పించాడనీ చెప్పాము. తరువాత సున్నంతో గీతలు వేసినది ఆ పెద్దాయనే.

ఆ ఐదుగురిలో ఒకబ్బాయి ఉన్నాడు. పేరు వ్రాయము. నెల రోజులు గోడ మీద నుండి చూశాడే గాని దిగలేదు. ఒకనాడు మనిషి తక్కువై "రారా తమ్ముడూ" అని పిలిస్తే వచ్చాడు. ఆట రాదు. అయినా ఆరోవాడు కావాలి గనుక అతని కోసం ఆగేవారు, ఆలస్యమైతే ఇంటికి కబురు పంపేవారు. తన కోసం నలుగురు ఎదురుచూడడం అతనికి అదే మొదలేమో.

అటు తరువాతిది మా తప్పు. 2023 సంక్రాంతి పోటీలకు జట్టు కట్టాము. బాగా ఆడేవారిని ఏరుకొని, పక్క ఊరి నుండి ఒకరిని పిలిపించి, ఇతనికి నీళ్ల సీసాల సంచి ఇచ్చాము. రెండో బహుమతి వచ్చింది. కప్పు గుడిలో పెట్టి చప్పట్లు కొట్టాము. అతను రావడం మానినట్లు పది రోజులైనా గమనించలేదు. ఒక రాత్రి తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మగారూ, మావాడు కంచం దగ్గరకు రావట్లేదండి. నిద్ర లేదు. బతికేం చేయాలమ్మా అంటన్నాడండి."

మాకు కాళ్లు చేతులు ఆడలేదు. ప్రార్థన చేసి పంపివేసే సంగతి కాదని మాత్రం తెలిసింది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416కు ఫోను చేశాము. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఒంటరిగా వదలవద్దనీ, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తీసివేయమనీ, డాక్టరుకు చూపించమనీ చెప్పారు. డబ్బాలు మా ఇంటికి తెచ్చుకున్నాము. మరునాడు బస్సెక్కి గుంటూరులో మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాము. "పిచ్చి డాక్టరు దగ్గరకా" అని తండ్రి ఏడ్చాడు. ఇది పిచ్చి కాదు, డిప్రెషన్, నయమవుతుందన్నారాయన. మందులు వ్రాశారు. ఆట మాన్పించవద్దన్నారు, ఆట ఉన్నది గదా అని మందులు మానవద్దనీ అన్నారు.

వాలీబాల్‌లో సర్వీసు దక్కినప్పుడల్లా జట్టంతా ఒక్కొక్క చోటు జరగాలి. వల దగ్గర ఎగిరి కొట్టేవాడు వెనుకకు పోవాలి, ఏమీ రానివాడికీ సర్వీసు వంతు రావాలి. రోజూ చూస్తూ కూడా మేము దానిని ఆలోచించలేదు. ఇప్పుడు మా కోర్టులో వచ్చినవారందరూ ఆడతారు. ఎనిమిదేసి మంది వస్తే ఎనిమిదేసి మందితోనే ఆట. బాగా ఆడే ఇద్దరు అలిగి వేరే జట్టుకు పోయారు. ఆ బాధ మాకున్నది. కప్పు మళ్లీ రాలేదు.

అతను ఏడాదికి పైగా డాక్టరు చెప్పినట్లు మందులు వాడాడు. ఇప్పుడు విజయవాడలో ఏసీలు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. శనివారం రాత్రి వస్తాడు, ఆదివారం ఆరాధన అయ్యాక కోర్టులో దిగుతాడు. తన వంతు వచ్చినప్పుడల్లా సర్వీసు వలకే కొడతాడు. కొట్టి, నవ్వుకుంటూ తన చోటుకు పోతాడు.