విప్పగలిగే అతుకు

ఇంట్లో గాజు గ్లాసో పింగాణీ కప్పో చెయ్యి జారి పగిలితే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట, "పోనీలెండి, దిష్టి పోయింది." వెంటనే చీపురూ చేటా వస్తాయి, పెంకులు చెత్తబుట్టలోకి పోతాయి. నిన్న కొన్న కప్పు విషయంలో అది న్యాయమే. అదే అమ్మమ్మ ఆవకాయ పెట్టిన జాడీ అయితే? తాతగారు తిరుపతిలో కొన్న మట్టి వేంకటేశ్వరస్వామి అయితే? మూడు తరాలుగా బొమ్మల కొలువులో పై మెట్టు దిగని పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అయితే? సముద్రం దాటి వచ్చిన ఇలాంటి వస్తువు అమెరికాలో పగిలితే దిష్టి మాట ఎవరికీ నోట రాదు. దాన్ని మళ్లీ కొనుక్కునే దుకాణం ఏ దేశంలోనూ లేదు. అప్పుడు మనం గరాజ్‌లోకి పరుగెత్తి, సొరుగు లాగి, సూపర్‌గ్లూ ట్యూబు వెతుకుతాం. నా బాధంతా ఆ ట్యూబు గురించే.

నేను న్యూజెర్సీలో ఉంటాను. చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇలాంటివి విరిగితే ఒక్కోసారి నా దగ్గరికి తెస్తుంటారు. ఆ మధ్య సంక్రాంతి ముందు పక్క వీధి అమ్మాయి వేణుగోపాలస్వామి బొమ్మను తువ్వాల్లో చుట్టి తెచ్చింది. మురళి పట్టిన చెయ్యి మోచేతి దగ్గర విరిగింది.

"పిన్నిగారూ, వచ్చే వారం అత్తయ్యగారు వస్తున్నారు. ఇది ఆవిడ పుట్టింటి బొమ్మ. మంచి గట్టి జిగురు ఏదో చెప్పండి, ఈ రాత్రికే అతికించేస్తాను."

"గట్టిది వద్దమ్మా. మట్టికన్నా మెత్తనిది కావాలి" అన్నాను.

ఆ పిల్లకు అది వింతగా తోచింది. ఎవరికైనా తోస్తుంది. కానీ కాస్త ఆలోచించి చూడండి. అతుకు మట్టికన్నా గట్టిగా ఉంటే, రేపు ఇంకో దెబ్బ తగిలినప్పుడు అది ఊడదు. దాని పక్కన ఉన్న మట్టి కొత్తగా విరుగుతుంది. ఒక్క గాయం రెండవుతుంది. అతుకే ముందు ఊడిపోయేలా ఉంటే నష్టం అక్కడితో ఆగుతుంది, తుడిచి మళ్లీ అతికించుకోవచ్చు.

ఈ సంగతి నాకు బాగా బోధపడింది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఆదాము విగ్రహం కథ వల్ల. వెనిస్‌ను ఏలిన ఆండ్రియా వెండ్రామిన్ సమాధి కోసం తుల్లియో లొంబార్దో అనే శిల్పి 1490ల మొదట్లో చెక్కిన పాలరాతి విగ్రహం అది. ఎత్తు ఆరడుగులకు పైమాటే. 2002 అక్టోబరు 6 ఆదివారం సాయంత్రం, దాని కింద ఉన్న ప్లైవుడ్ పీఠం కుంగి, విగ్రహం నేలకూలింది. 28 పెద్ద ముక్కలు, వందల కొద్దీ చిన్న పెచ్చులు. హత్య జరిగిన చోట పోలీసులు చేసినట్టు, ఏ ముక్క ఎక్కడ పడిందో ఫొటోలు తీసి గుర్తులు పెట్టాకే నేల మీంచి ఎత్తారు. ముక్కలను లేజర్‌తో స్కాన్ చేసి, కంప్యూటర్‌లో విగ్రహాన్ని నిలబెట్టి, బరువు ఏ అతుకు మీద ఎంత పడుతుందో లెక్క వేశారు. వేరే పాలరాళ్ల మీద జిగుర్లు పరీక్షించారు. తొందరపడి ఒక్క ముక్క కూడా అతికించలేదు. విగ్రహం మళ్లీ జనం ముందుకు వచ్చింది 2014 నవంబరులో. పన్నెండేళ్లు!

అన్నేళ్ల తర్వాత వాళ్లు ఆ రాయిలో పెట్టిన కడ్డీలు మూడే. రెండు చీలమండల్లో రెండు, ఎడమ మోకాలిలో ఒకటి. అవి ఉక్కువి కావు, ఫైబర్‌గ్లాస్‌వి. ఎప్పుడైనా మళ్లీ ఒత్తిడి పడితే రాయికన్నా ముందు కడ్డీయే విరగాలని అలా ఎంచారు. మిగతా అతుకులన్నీ కావాలనుకుంటే కరిగించి విప్పదీయగలిగే జిగురుతో వేసినవి. అంత పేరున్న మ్యూజియం, అంత డబ్బు, అంత చదువు ఉండి కూడా "ఇక ఇది శాశ్వతం" అనే పని చేయలేదు వాళ్లు. రేపు తమకన్నా బాగా తెలిసినవాళ్లు వస్తారని చోటు వదిలి పెట్టారు.

చోటు వదలకపోతే ఏమవుతుందో ఏథెన్స్ చూసింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో బలానోస్ అనే ఇంజనీరు అక్రోపోలిస్ కట్టడాల రాళ్లను ఇనుప కడ్డీలతో, పట్టీలతో బిగించాడు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పట్టి ఉంచాల్సిన పాలరాయినే చీల్చింది. ఆ ఇనుమంతా ఊడదీసి టైటానియం పెట్టే పని 1970లలో మొదలుపెట్టారు. మన పెరటి తోటల్లో రాతి వినాయకుడికో సిమెంటు హంసకో మేకు దిగ్గొట్టి అతికించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీ మంచు, వాన కలిస్తే ఇనుప మేకు ఎన్నాళ్లో ఆగదు.

సూపర్‌గ్లూ అమెరికాలోనే పుట్టింది. 1942లో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో హ్యారీ కూవర్ తుపాకుల గురి అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ పదార్థం తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పెట్టేశారు. తొమ్మిదేళ్ల తర్వాత టెనసీలోని కింగ్స్‌పోర్ట్‌లో దాని విలువ గుర్తించారు. 1958లో 'ఈస్ట్‌మన్ 910' పేరుతో అమ్మకానికి వచ్చింది. గాలిలో, వస్తువు పైన ఉండే తేమతోనే అది బిగుస్తుంది. అద్భుతమైన ఆవిష్కరణే, కాదనను. కానీ బొమ్మల పనికి దాని వేగమే శత్రువు. వెంట్రుక వాసి వంకరగా పెట్టారో, సరిచేసుకునే లోపే బిగుసుకుపోతుంది. కాల్చిన మట్టి దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఎసిటోన్‌తో ఎంత తుడిచినా మట్టి రంధ్రాల్లో ఇంకినది పూర్తిగా రాదు. రెండు గొట్టాలు కలిపి వాడే ఎపాక్సీ, మన అరాల్డైట్ లాంటిది, ఇంకా మొండిది. బలం ఎక్కువ, కొన్నేళ్లకు పసుపు పచ్చబడుతుంది, విప్పదీయడం గగనం.

మ్యూజియంవాళ్లు మట్టి పాత్రలకు ఎక్కువగా వాడేది పారలాయిడ్ బి-72. ఇది కూడా అమెరికా సరుకే, ఫిలడెల్ఫియాకు చెందిన రోమ్ అండ్ హాస్ కంపెనీ తయారు చేసిన యాక్రిలిక్. పసుపు పచ్చబడదు. ఎసిటోన్‌లో కరుగుతుంది, ఎన్నేళ్ల తర్వాతైనా ఎసిటోన్ తగిలిస్తే మళ్లీ మెత్తబడి వదులుతుంది. మ్యూజియం సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర గుళికలుగానూ ట్యూబుల్లోనూ దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఇక్కడి లెక్కలో 104 ఫారన్‌హీట్ దగ్గర అది మెత్తబడటం మొదలవుతుంది. ఇలా అతికించిన బొమ్మను డాలస్ ఎండలో కారులో వదలకూడదు, దీపం కుందె పక్కన పెట్టకూడదు.

ఇక పని. ముక్కలన్నీ తెల్లటి గుడ్డ మీద పరచండి. గసగసంత పెచ్చు కూడా పారేయకండి, దాని చోటు దానికే ఉంటుంది. పింగాణీ అయితే గోరువెచ్చని నీళ్లతో, మెత్తని బ్రష్‌తో అంచులు కడిగి రెండు రోజులు ఆరనివ్వండి. విరిగిన అంచులను గీకకూడదు, ఉప్పు కాగితంతో రుద్దకూడదు. ఆ గరుకే ముక్కకూ ముక్కకూ తాళం. తర్వాత జిగురు లేకుండానే, గోడలకు రంగులు వేసేటప్పుడు అంటించే నీలి టేపుతో మొత్తం ఒకసారి నిలబెట్టి చూడండి. ఏ ముక్క ముందు, ఏది వెనక అన్న వరుస పెన్సిల్‌తో టేపు మీద రాసుకోండి. వరుస తప్పితే చివరి ముక్క దూరడానికి దారి ఉండదు. చాలా జాడీలు అక్కడే పాడవుతాయి. అప్పుడు జిగురు. ఒక అంచుకే, పలచగా, అంచు మధ్యలో సన్నని గీతలా రాయాలి. నొక్కి, టేపు వేసి, బియ్యం పోసిన గిన్నెలో ముక్కను నిలబెడితే దాని బరువు అతుకు మీద నిటారుగా పడుతుంది. మర్నాటి దాకా ముట్టుకోవద్దు. ఎసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి, అగరొత్తి, దేవుడి దీపం ఉన్న గదిలో ఈ పని పెట్టుకోకండి, కిటికీ తెరవండి.

అయితే వేణుగోపాలస్వామికి ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు. కొలువు బొమ్మల్లో చాలావాటికి పైపూత మామూలు రంగే. ఎసిటోన్ తగిలితే స్వామి నీలం మీ వేళ్లకు అంటుకుంటుంది. కాల్చని మట్టి బొమ్మను నీళ్లతో కడిగితే మళ్లీ మట్టే అవుతుంది. వాటిని పొడి బ్రష్‌తో దులిపి, పిల్లలు బడిలో వాడే తెల్ల జిగురును చాలా కొద్దిగా వాడటం మేలు. ఏ బొమ్మకైనా ముందు అడుగున, కనబడని చోట, దూది పుల్లతో తడి చేసి రంగు ఊడుతుందేమో చూసుకోవాలి. కొండపల్లి బొమ్మల దారి వేరే. అవి తెల్ల పొణికి చెక్కవి. చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇక్కడ చలికాలమంతా హీటర్లు తిరిగి ఇంట్లో గాలి ఎండిపోతుంది, చెక్క కుంచించుకుపోయి ఆ అతుకులు నెర్రెలిస్తాయి. బొమ్మలను హీటర్ గొట్టానికి దూరంగా దాచండి. ఊడిన చేతికి ఆ మక్కే వాడండి, చింతగింజల పొడి ఇండియా నుంచి తెప్పించుకోవడం కష్టమేమీ కాదు.

దేవుడి బొమ్మ అనేసరికి చాలామంది ఇంకో ప్రశ్న వేస్తారు: విరిగిన విగ్రహం ఇంట్లో ఉండొచ్చా? గుడిలో ప్రతిష్ఠించిన మూర్తికి ఆగమాల్లో జీర్ణోద్ధారణ విధి ఉంది, అది స్థపతులూ అర్చకులూ నిర్ణయించాల్సిన విషయం. ఇంట్లో నిత్యం పూజ జరిగే విగ్రహం భిన్నమైతే మీ గుడి పూజారిగారిని అడగండి, ఆయన చెప్పినట్టు చేయండి. కొలువు బొమ్మ, షోకేసు బొమ్మ, అమ్మ గుర్తుగా దాచుకున్న బొమ్మ వేరు. వాటిని బాగుచేయడంలో దోషం ఉందని నేను అనుకోను. పగిలిందన్న భయంతో దేవుడి బొమ్మను పార్కులో చెట్టు కింద వదిలిపెట్టి రావడం మాత్రం నాకు కష్టంగా ఉంటుంది.

పోయిన ముక్క స్థానంలో ఏం పెట్టాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. 2023లో అదే మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రాచీన బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి నుంచి, అమరావతి, నాగార్జునకొండల నుంచి మన రాళ్లు అక్కడికి వచ్చాయి. అమరావతి స్తూపం రాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర ఇళ్ల కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవే ఇవాళ మనకున్నవి. ఆ పలనాటి సున్నపురాయి మీద పోయిన ముఖాలను ఎవరూ కొత్తగా చెక్కి పెట్టలేదు. విరిగిన చోట విరిగినట్టే ఉంచారు. ఆదామును మాత్రం పగుళ్లు కనబడకుండా పూడ్చి రంగు కలిపారు. రెండూ సబబే అని నాకు అనిపిస్తుంది. ఆదాము ముక్కలన్నీ దాదాపు చేతిలో ఉన్నాయి, పడకముందు తీసిన ఫొటోలు ఉన్నాయి. అమరావతిలో పోయిన ముఖం ఎలా ఉండేదో చూసినవాళ్లు లేరు. ఇంట్లోనూ అంతే. ముక్కుకొస పెచ్చు ఊడితే, పాత ఫొటో ఉంటే, ప్లాస్టర్‌తో నింపి ఆ నింపిన మేరకే రంగు వేయండి. పాత రంగు మీదికి కుంచె పోకూడదు. కళ్లు మాత్రం దిద్దకండి. కళ్లు మారితే అది ఇంకెవరి బొమ్మో అవుతుంది.

అతుకును దాచకుండా బంగారంతో చూపించే జపాన్ పద్ధతి, కింత్సుగి, ఇప్పుడు అమెరికాలో అందరికీ తెలుసు. వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీ 2008లోనే దాని మీద ఒక ప్రదర్శన పెట్టింది. అసలు పద్ధతిలో జిగురు ఉరుషి అనే చెట్టు పాలు. ఇక్కడి అడవుల్లో తాకితే ఒళ్లంతా దద్దుర్లు లేచే పాయిజన్ ఐవీలో ఉండే విషమే అందులోనూ ఉంటుంది. మన మామిడి, జీడి కూడా ఆ కుటుంబానివే. మామిడికాయ సొన తగిలి మూతి పొక్కినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ పాలు తేమలో వారాల తరబడి గట్టిపడతాయి. బజార్లో 'కింత్సుగి కిట్' అని అమ్మేవాటిలో చాలావరకు ఎపాక్సీ, బంగారు రంగు పొడి మాత్రమే. అందంగా ఉండొచ్చు, విప్పడానికి మాత్రం వీలుకాదు.

జాడీ గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. ఏ జిగురుతో అతికించినా సరే, పగిలిన జాడీలో మళ్లీ ఆవకాయ పెట్టకండి. ఉప్పు, పులుపు, నూనె అతుకులోకి దిగుతాయి, అతుకులోది ఆవకాయలోకి వస్తుంది. దానిలో గరిటెలు పెట్టుకోండి, పువ్వులు పెట్టుకోండి. పాత కంచు విగ్రహమో, వంశపారంపర్యంగా వచ్చిన రాతి మూర్తో అయితే అసలు చెయ్యి పెట్టొద్దు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కన్జర్వేషన్ అనే సంస్థ దగ్గర ఏ ఊళ్లో ఏ నిపుణులున్నారో జాబితా ఉంటుంది, అడిగి వాళ్లకే ఇవ్వండి.

ఇది చదువుతున్న మీ ఇంట్లో, బేస్‌మెంట్‌లో ఏ అట్టపెట్టెలోనో విరిగిన బొమ్మ ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారాంతంలో దాన్ని బయటికి తీయండి. ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసి, ఒక్కో ముక్కను మెత్తని కాగితంలో చుట్టి ఒకే సంచిలో పెట్టండి. తీరిక దొరికినప్పుడు అతికించవచ్చు. అతికించిన రోజున చిన్న చీటీ మీద ఏ జిగురు వాడారో, ఏ సంవత్సరమో రాసి బొమ్మ పెట్టెలో వేయండి. ఆ సొరుగులో ఉన్న సూపర్‌గ్లూను చెప్పు తెగితే వాడుకోండి.