నాన్న మళ్లీ తాపీ పట్టాడు

మా నాన్న తాపీ మేస్త్రీ. మేము అన్నదమ్ములిద్దరం హాస్టళ్లలో ఉండి డిగ్రీ, ఇంటరు చదువుతున్న రోజుల్లో పరంజా మీది నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు.

ఎనిమిది నెలలకు ఎముక అతికింది, పనికి వెళ్లవచ్చన్నారు డాక్టరుగారు. నాన్న మాత్రం నిచ్చెన దగ్గరే ఆగిపోయాడు. చేతులు వణికాయి. కాలు కలుక్కుమంటే రాడ్ విరిగిందేమోనని రాత్రంతా మేలుకునేవాడు. చుట్టాలు బద్ధకమన్నారు. నిజం చెప్పాలంటే మేమూ లోలోపల అలాగే అనుకున్నాం. పైకి మాత్రం నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వలేదు. "మీ స్కాలర్‌షిప్పు డబ్బులు తింటున్నానురా" అని ఆయన ఏడ్చిన రోజున గానీ, విరిగింది కాలొక్కటే కాదని మాకు అర్థం కాలేదు.

పీజీకొచ్చాక ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయసామర్థ్య సిద్ధాంతం చదివాం. 'నేను చేయగలను' అనే నమ్మకం పక్కవాళ్ల మాటలకంటే, స్వయంగా చేసి నెగ్గిన పనులతోనే బలంగా పెరుగుతుందంటాడాయన. నొప్పికి భయపడి కదలడం మానేస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది, భయం రెట్టింపవుతుంది.

ఈ సిద్ధాంతం పేరైనా వినని తోటి మేస్త్రీ ఒకాయన ఆ పనే చేశాడు. మొదటి వారం పూటపని, ఇసుక జల్లించడం. తర్వాత నేలమీద నిలబడి కట్టే గోడ. "పైపని నేను చూసుకుంటాలే మామా" అన్నాడు.

నాన్న ఈనాటికీ పరంజా ఎక్కడు. కానీ శనివారం కూలి డబ్బులు అమ్మ చేతిలో పెడతాడు.

మనందరి తల్లిదండ్రులూ ఒళ్లు నమ్ముకున్నవాళ్లే. దెబ్బతిని ఇంట్లో ఉన్నవాళ్లను "ఊరికే కూర్చున్నావు" అనొద్దు, "నువ్వేమీ చేయొద్దు" అనీ అనొద్దు. "ఈ రోజు ఏ మాత్రం చేయగలవు నాన్నా?" అని అడుగుదాం.