తపాలా బిళ్ళ తెచ్చిన చుట్టాలు

మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు నా పాత అడ్రసుల పుస్తకం తిరగేస్తూ ఒక ప్రశ్న వేసింది. "అమ్మమ్మా, వరంగల్ అక్కయ్య, ఖరగ్‌పూర్ బాబాయిగారు, విజయనగరం మాస్టారు... వీళ్ళంతా మనకి ఏమవుతారు?" అని.

ఏమవుతారు? వేలు విడిచిన చుట్టాలు కూడా కారు. ఇంటిపేర్లు కలవవు, ఊళ్ళు కలవవు. వీళ్ళలో ఒకాయన్ని నేను జన్మలో రెండుసార్లే చూశాను. అయినా మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మొదటి శుభలేఖలు వీళ్ళకే వెళ్ళేవి. "స్టాంపు చుట్టాలే" అన్నాను. అది పకపకా నవ్వింది.

నవ్వితే నవ్వింది కానీ, ఆ మాట అబద్ధం కాదు. మేనత్తలూ మేనమామలూ పుట్టుకతో వస్తారు. అత్తమామలు పెళ్ళితో వస్తారు. ఈ ముగ్గురూ మాత్రం నీళ్ళ గిన్నెలో నానబెట్టిన తపాలా బిళ్ళలతో పాటు తేలి వచ్చారు.

మాది రాజమండ్రి. 1975లో నేను ఎనిమిదో తరగతి. నాన్నగారు ఆఫీసు నుంచి ఖాళీ కవర్లు తెచ్చిచ్చేవారు. స్టాంపు ఉన్న ముక్క వరకూ కత్తిరించి గోరువెచ్చని నీళ్ళలో వేస్తే కాసేపటికి జిగురు కరిగి బిళ్ళ దానంతటదే విడిపోతుంది. దాన్ని బోర్లా పడుకోబెట్టి పాత పేపరు మీద ఆరబెట్టి, బరువైన పుస్తకంలో పెడితే మర్నాటికి ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. మా అమ్మ మాత్రం "చిత్తుకాగితాలకి స్నానాలు చేయించే పిల్లని నిన్నే చూశాను" అనేది.

అప్పట్లో పత్రికల్లో కలం స్నేహం శీర్షిక ఉండేది. పేరూ, అడ్రసూ, అభిరుచులూ వేసేవారు. ఆడపిల్ల అడ్రసు పత్రికలోనా అని మా బామ్మ గోల పెట్టింది. నాన్నగారు మధ్యేమార్గంగా నాలుగో తరగతి చదివే మా తమ్ముడి పేరు వేయించారు. దాంతో నా ఉత్తరాలన్నీ వాడి పేరున వచ్చేవి. వాడు ఉత్తరానికో బిళ్ళ చాక్లెట్ లంచం తీసుకునేవాడు.

అలా వచ్చిన మొదటి ఉత్తరం వరంగల్ అక్కయ్యది. "తమ్ముడూ, నీ దస్తూరీ ఆడపిల్ల దస్తూరీలా ఉందేమిటి?" అని రెండో ఉత్తరంలోనే పట్టేసింది. ఆమె బ్యాంకులో పని చేసేది. నిజాం రాజ్యపు స్టాంపులంటే ప్రాణం. నిజాం సంస్థానం 1869లోనే సొంత తపాలా బిళ్ళలు వేసిందనీ, 1931లో వేసిన వాటిలో చార్మినార్, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల ద్వారం ఉన్నాయనీ ఆమె రాస్తేనే నాకు తెలిసింది. ఒకసారి గోరంత పాత నిజాం బిళ్ళ పంపి, "భూతద్దం పెట్టి అంచు దగ్గర చూడు" అని రాసింది. చూశాను. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీల పక్కన మన తెలుగు అక్షరాలు! ఆ రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

అక్కయ్య ఉత్తరం ఎప్పుడూ రెండు భాగాలు. మొదటి సగం స్టాంపులు, రెండో సగం ఆవకాయలు, అత్తగారు, పిల్లల చదువులు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తయ్యేదో తెలిసేది కాదు. మెచ్చుకోలు తక్కువ, తప్పులు పట్టడం ఎక్కువ.

రెండో ఆయన ఖరగ్‌పూర్ బాబాయిగారు. అక్కడి రైల్వేలో తరాల తరబడి మన తెలుగువాళ్ళు పని చేశారు. ఆయనా అలా వెళ్ళిన కుటుంబమే. తెలుగువాళ్ళ మీద ఏ స్టాంపు వచ్చినా, అదే అంటించి ఉత్తరం రాసేవారు. 1982లో దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1986లో అల్లూరి సీతారామరాజు, 2003లో ఘంటసాల... పోస్టాఫీసులో నిలబడి, "బాబూ, ముద్ర మొహం మీద పడకుండా మూలకి వెయ్యి" అని బతిమాలి వేయించేవారట. 2006 డిసెంబరులో గంధం వాసన వచ్చే స్టాంపు వచ్చినప్పుడు దాన్ని పాలిథిన్ కాగితంలో చుట్టి పంపారు. మా ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి వాసన చూశాం.

1984లో నా పెళ్ళికి ఆయన పంపిన కానుక ఏమిటో తెలుసా? ఒక భూతద్దం, స్టాంపులు పట్టుకునే చిన్న పట్టకారు. చదివింపుల్లో వాటిని చూసి మా అత్తగారు, "కోడలు డాక్టరీ చదివిందా?" అని మా అమ్మని మెల్లిగా అడిగారట.

ఇక మూడో ఆయన. ఆయన గురించి చెప్పడానికే ఇంతసేపూ ఈ ఇద్దరి గురించీ చెప్పాను.

విజయనగరం మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. నాకంటే ఇరవయ్యేళ్ళు పైనే పెద్ద. ఒక్కో స్టాంపుకి ఒక్కో పాఠం రాసేవారు. స్టాంపు మీద దేశం పేరు వేసుకోని దేశం బ్రిటన్ ఒక్కటేననీ, 1840లో మొట్టమొదట తపాలా బిళ్ళ వేసింది తామే కాబట్టి రాణిగారి మొహం ఉంటే చాలనుకున్నారనీ ఆయన రాసిందే. స్వతంత్ర భారతదేశపు మొదటి స్టాంపు, 1947 నవంబరు 21న వచ్చిన మూడున్నర అణాల జెండా బిళ్ళ, నాకు ఆయన ఊరికే ఇచ్చారు. "పుచ్చుకోవడం నేర్చుకున్నాక ఇవ్వడం దానంతటదే వస్తుంది" అని రాశారు.

1989లో నేను బర్మా స్టాంపులు పోగు చేయాలనుకున్నాను. మాస్టారి దగ్గర ఒకటి ఉందని తెలిసి, ఒక్కసారి చూసి పంపేస్తానని రాశాను. ఆయన చాలా రోజులు జవాబివ్వలేదు. చివరికి రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. అందులో ఇంకో పాత కవరు. మూలలు పురుగు కొట్టేసి ఉన్నాయి. ఆరో జార్జి బొమ్మ, కింద బర్మా అన్న అక్షరాలు, పైన రంగూన్ ముద్ర. "జాగ్రత్తగా చూసి పంపండి" అన్న చీటీ. అంతే.

నా బుద్ధికి ఏమి తోచిందో చెబుతాను, మీరు తిట్టుకున్నా ఫరవాలేదు. ఇంత మంచి బిళ్ళ ఈ చినిగిన కవరు మీద ఉండటమేమిటి, శుభ్రం చేసి పంపితే మాస్టారు సంతోషిస్తారు కదా అనుకున్నాను. కత్తిరిస్తే బాగుండదని కవరు కవరంతా నీళ్ళలో వేశాను. బిళ్ళ చక్కగా విడివడింది. సిరాతో రాసిన అడ్రసు మాత్రం నీలంగా నీళ్ళలో కలిసిపోయింది. బిళ్ళని ఆరబెట్టి, కొత్త పారదర్శకం కాగితంలో పెట్టి, గర్వంగా పంపాను. జవాబుగా ఒక కార్డు వచ్చింది. "బిళ్ళ అందింది." కింద సంతకం.

ఆ తరవాత ఏడాది పాటు ఆయన నుంచి ఉత్తరం లేదు.

ఏమైందో అర్థం కాక వరంగల్ అక్కయ్యకి రాశాను. ఆమె ఇన్‌లాండ్ లెటరు నిండా చీవాట్లు పెట్టింది. పాత ఉత్తరం మీది బిళ్ళని ఎప్పుడూ ఊడదీయకూడదట. ఏ ఊరినుంచి, ఏ తేదీన, ఏ దారిన, ఎవరికి వెళ్ళిందో చెప్పేది కవరే. దాన్ని కడిగేస్తే చేతిలో మిగిలేది బజారులో దొరికే బిళ్ళ. ఇది అసలు విషయంలో సగమే. మిగతా సగం ఆమె చివర్లో రాసింది. ఆ కవరు మాస్టారి నాన్నగారిది.

ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కి కూలికీ, గుమస్తా పనులకీ వెళ్ళిన వేలమందిలో ఆయనొకరు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు వేసింది. ఆ తరవాతి నెలల్లో లక్షలాది మంది మనవాళ్ళు అడవులూ కొండలూ దాటి నడిచి బయలుదేరారు. దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. మాస్టారి నాన్నగారు బయలుదేరారని మాత్రం ఎవరో చెప్పారు. ఇంటికి చేరలేదు. మాస్టారికి అప్పుడు రెండేళ్ళు. ఆ ఏడాదే రాసిన ఆఖరి ఉత్తరం ఎక్కడో పోయింది. తండ్రి చేతిరాత అంటూ ఆయనకి మిగిలింది ఆ కవరు మీది అడ్రసొక్కటే. నేను నీళ్ళలో కలిపింది దాన్ని.

ఇది ఉత్తరంలో క్షమాపణ చెప్పుకునే సంగతి కాదు. మావారిని వెంటబెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం, అక్కణ్ణించి బస్సులో విజయనగరం వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళిన మమ్మల్ని చూసి మాస్టారి భార్య కాళ్ళకి నీళ్ళిచ్చి, ముందు భోజనం చేయమన్నారు. నేను ఏడుస్తూనే తిన్నాను. మాస్టారు నా ఏడుపుకి జవాబు చెప్పలేదు. చాలాసేపటికి ఒక్క మాట అడిగారు. "ఆ కాగితం పారేశారా?"

పారేయలేదు. కాగితం పారేయలేని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ కవరు ఆరబెట్టి, ఆల్బమ్ అట్ట అడుగున పెట్టాను. బ్యాగులోంచి తీసి ఇచ్చాను. వెలిసిపోయిన కాగితం, మధ్యలో నీలి మరక, నాలుగైదు గీతలు. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి వెలుతురుకి పట్టి చూశారు. తిరిగి వచ్చి ఆల్బమ్‌లో ఒక పేజీ తెరిచారు. నేను కడిగి పంపిన బిళ్ళ ఒక్కటే ఉంది ఆ పేజీలో. దాని పక్కన ఈ కాగితాన్ని పెట్టారు. "సాయంత్రం కోటకి వెళ్దాం, అమ్మాయి చూడలేదు కదా" అన్నారు.

క్షమించానని ఆయన ఎన్నడూ అనలేదు. రెండు వారాలకి మాత్రం ఉత్తరం వచ్చింది, స్విట్జర్లాండ్ స్టాంపుల మీద పాఠంతో.

అక్కణ్ణించి రెండు ఇళ్ళూ ఒకటయ్యాయి. ఆయన చిన్నమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటూ నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉంది. ఇప్పటికీ నన్ను "అక్కా" అనే పిలుస్తుంది. 1998లో మావారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు రక్తసంబంధీకులు పలకరించి వెళ్ళారు. తప్పు పట్టడం లేదు, ఎవరి పనులు వాళ్ళకి ఉంటాయి. వరంగల్ అక్కయ్య తెల్లవారుజామున రైలెక్కి క్యారియర్‌తో దిగేది. మాస్టారు తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలోనే పడుకున్నారు. ఆయన వెంట తెచ్చుకున్నది ఒక అట్టపెట్టె, దాని నిండా కలగాపులగంగా విదేశీ స్టాంపులు. మావారు కాస్త లేచి కూర్చోగానే పెట్టె ఆయన ముందు పెట్టి, "దేశాల వారీగా వేరు చేసి పెట్టండి బాబూ, నాకు కళ్ళు ఆనడం లేదు" అన్నారు. పద్నాలుగేళ్ళుగా నా స్టాంపుల్ని చిత్తుకాగితాలన్న మనిషి, మాగ్యార్ అంటే హంగరీ, హెల్వెషియా అంటే స్విట్జర్లాండ్, సువోమి అంటే ఫిన్లాండ్ అని నర్సులకి చెప్పడం మొదలుపెట్టారు.

మాస్టారు 2016లో పోయారు. ఖరగ్‌పూర్ బాబాయిగారు అంతకు ముందే వెళ్ళిపోయారు. అక్కయ్య ఉంది, ఇప్పుడు ఫోనులో తప్పులు పడుతోంది. కాలం కూడా చాలా సర్దేసుకుంది. 2013లో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ బర్మా కవరుని మోసుకొచ్చిన రిజిస్టరు పోస్టుని 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిపేశారు. అయినా స్టాంపుల పిచ్చి పూర్తిగా పోలేదు. ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలకి స్టాంపుల సేకరణ మీద ఏడాదికి 6,000 రూపాయల ఉపకార వేతనం ఇచ్చే పథకాన్ని తపాలా శాఖ 2017లో మొదలుపెట్టింది. దాని కోసమని మా పక్క ఫ్లాటు కుర్రాడు నా దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. పథకం సంగతి ఎటు పోయిందో కానీ, వాడూ మా మనవరాలూ ఇప్పుడు డబుల్స్ కోసం కొట్టుకుంటున్నారు.

నన్నెవరైనా మంచి స్టాంపులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, హైదరాబాదులో ఉంటే అబిడ్స్ జీపీవోకి వెళ్ళమంటాను. మంచి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడిగితే, మీకేది పిచ్చో దాన్ని దాచుకోకుండా నలుగురికీ చెప్పమంటాను. మొక్కలు కావచ్చు, కుట్లు కావచ్చు, పాత పాటలు కావచ్చు. అదే పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కడో ఉంటారు. వాళ్ళలో మీ తప్పుని మొహం మీద చెప్పే అక్కయ్య లాంటివాళ్ళని ముందు పట్టుకోండి.

ఇంకో మాట. మీ ఇంటి అటక మీద ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలుంటే, వాటి మీది బిళ్ళలు దయచేసి ఊడదీయకండి. నీళ్ళకి అసలే చూపించకండి.

మాస్టారి ఆల్బమ్ వాళ్ళ చిన్నమ్మాయి దగ్గర ఉంది. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా మనవరాలు ఆ పేజీ దగ్గర ఆగింది. "ఇదేంటి అమ్మమ్మా, దీని మీద ఏమీ లేదుగా?" అంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడమన్నాను.