నక్క నోట్లో వరికంకి

ఎవరికైనా బాగా కలిసొస్తే మనవాళ్ళు "నక్కతోక తొక్కొచ్చావా" అంటారు కదా. జపాన్ వాళ్ళయితే నక్కని ఏకంగా గుడి ముందే కూర్చోబెట్టారు. ఇనారి అని, వరిపంటకి దేవుడు. నక్కే దేవుడనుకుంటారు చాలామంది. కాదు, అది దూత మాత్రమే.

క్యోటోలో ఫుషిమి ఇనారి గుడి, ఆ ఎర్రటి ద్వారాల వరస ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. నేను చెప్పేది దాని గురించి కాదు. పోయిన అక్టోబర్లో మా ఆఫీసు మిత్రుడొకడు నీగాటా వైపు వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. షింకన్‌సెన్‌లో ఎచిగో యుజావా దాకా, అక్కణ్ణించి పాసింజరు బండి. చుట్టూ కొండలు, మధ్యలో కోసేసిన వరిమళ్ళు, గట్టు పక్కన మన పోలేరమ్మ గుడంత గుడి. పూజారి లేడు. రెండు రాతినక్కలు: ఒకదాని నోట్లో వరికంకి, రెండోదాని నోట్లో గాదె తాళంచెవి. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఓసారి వంగాలి. పూజంటే అంతే.

నా కళ్ళు మాత్రం గుమ్మానికి కట్టిన తాడు మీదే ఉన్నాయి. వరిగడ్డితో పేనిన తాడు, దానికి మెరుపులా వంకర్లు తిరిగిన తెల్లకాగితాలు. జపనీస్‌లో మెరుపుని 'ఇనజుమా' అంటారు, అంటే వరికి జోడు అని. మెరుపులు మెరిస్తేనే గింజ పాలుపోసుకుంటుందని పాతకాలం నమ్మకం.

ఆ తాడు పేనేది మా మిత్రుడి తండ్రి, ఇంకో ముగ్గురు. అందరూ డెబ్భై దాటినవాళ్ళే. కోతమిషను గడ్డిని ముక్కలు చేసేస్తుంది కాబట్టి తాడు కోసమని కొంత వరి కొడవలితో కోస్తారట. "మీ తర్వాత ఎవరు పేనుతారండీ?" అనడిగా. ఆయన నవ్వి కొడుకు వైపు చూశారు. వాడు ఫోన్లో తలదూర్చాడు. 2020 వ్యవసాయ గణన ప్రకారం జపాన్లో సేద్యమే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్ళ సగటు వయసు 67.8 ఏళ్ళు.

ఇది వాళ్ళ గొడవలే అనుకుని వదిలేయలేకపోయా. మా పొలం కూడా కౌలుకిచ్చాం. మా ఊళ్ళోనూ మిషను కోతే. పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చు కట్టే అలవాటు మా ఇంట్లో నాన్నగారితోనే ఉంది. గుడికి సున్నం వేయించమంటే చందాలు బోలెడొస్తాయి. అమెరికా నుంచైనా పంపిస్తారు. తాడు పేనడానికి, కుచ్చు అల్లడానికి మాత్రం చేతులే కావాలి, అవి ఊళ్ళోనే ఉండాలి.

సంక్రాంతికి సెలవు పెట్టాను. కుచ్చు అల్లడం నేర్పమని ఫోన్ చేస్తే నాన్నగారు పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అయితే మిషను దిగకముందే రెండు పనలు చేత్తో కోయించాలిరా, కౌలుదారుతో ఇప్పుడే చెప్తా" అన్నారు.