మిద్దె ఉరుస్తోందని తెలిశాక

చింతామణిలో నాయన కట్టిన ఇంటికి 38 లక్షలకు మాట కుదిరింది. అగ్రిమెంటు రాసుకుని అడ్వాన్సు తీసుకున్నాక, కొనే అబ్బాయి ఒక సివిల్ ఇంజనీరును పిలిపించి ఇల్లంతా చూపించాడు. ఆ తర్వాత మా చేతికో చిట్టా వచ్చింది. పాత రాతిబండల మిద్దె, తర్వాత వేసిన మోల్డింగు కలిసేచోట నీళ్లు దిగుతున్నాయి. వైరింగుకు ఎర్తింగు లేదు. సంపు గోడకు చీలిక. వంటింట్లో టైల్సు, ఇంటికంతా రంగు, రెండు తలుపులు. అన్నీ చేయించి ఇవ్వాలి, లేదా 3,20,000 తగ్గించాలి.

బాగేపల్లి నుంచి అక్క ఫోనులో గట్టిగానే అంది: "చూసుకునే కదరా ధర మాట్లాడినారు, ఇప్పుడేం తగ్గించేది?"

అక్క మాటలో సగం న్యాయముంది. రంగు వెలిసింది, తలుపు వంగింది, వంటింటి గచ్చు పాతది. ఇవన్నీ బేరం నాడే కంటికి కనబడినవి, ధరలో కలిసిపోయినవి. వాటికి ఒక్క రూపాయీ తగ్గించనని చెప్పాను. మిద్దె, వైరింగు, సంపు అలాంటివి కావు. ఎండాకాలంలో వచ్చి చూసినవాడికి మిద్దె ఉరుస్తుందని ఎట్లా తెలుస్తుంది? ఈ అబ్బాయి వద్దని వెళ్లిపోయినా, రేపు వచ్చేవాడి ఇంజనీరూ అవే పట్టుకుంటాడు.

చట్టం కూడా అదే వైపుంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. రెరా కింద కట్టడం లోపాలకు 5 ఏళ్ల పూచీ బిల్డరుది, మనలా పాత ఇల్లు అమ్ముకునేవాళ్లకు అది వర్తించదు. తెలిసిన లోపం మాత్రం మనమూ చెప్పాల్సిందే. అందుకని, చిట్టాలో లేకున్నా నేనే ఒకటి చెప్పాను: వేసవిలో బోరు తగ్గుతుంది, ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మన జిల్లా బోర్లలో ఫ్లోరైడు సంగతి ఎవరికి తెలియదు! అయినా ఈ బోరు గురించి నా నోటితో చెప్పడం నా బాధ్యత.

తెలిసిన మేస్త్రితో, ఎలక్ట్రీషియనుతో విడివిడిగా లెక్క రాయించాను. మిద్దెకు 70,000, వైరింగుకు 55,000, సంపుకు 25,000. మొత్తం 1,50,000. ఆ పనులు నేను చేయించలేదు, ధరలోనే తగ్గించాను. రిజిస్ట్రేషను తొందరలో వేసిన వాటర్‌ప్రూఫింగు మొదటి వానకే ఉరిస్తే మాట పడేది నేనే. పన్ను లెక్క కూడా చూసుకున్నాను. మామూలు రిపేరు ఖర్చును క్యాపిటల్ గెయిన్సులో ఇంటి అభివృద్ధి ఖర్చుగా చూపడం కష్టం. అదే అమ్మకం ధర తగ్గితే లాభమే తగ్గుతుంది. 12.5 శాతం చొప్పున 1,50,000 మీద సెస్సు కాక 18,750 మిగులు.

ధర తగ్గించే ముందు రెండు చూసుకోవాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గైడెన్సు విలువ ఎంతో ముందే తెలుసుకోవాలి. ధర దానికంటే బాగా దిగి, ఆ విలువ ధరకు 110 శాతం దాటితే, ఆదాయపు పన్ను శాఖ గైడెన్సు విలువనే మనకు ముట్టిన ధరగా లెక్కిస్తుంది. మా ఇంటికి ఆ విలువ 35 లక్షలు కాబట్టి 36,50,000తో చిక్కు రాలేదు. రెండోది బ్యాంకు. లోను పాత ధర మీద మంజూరైతే, ధర మార్చిన సంగతి కొనేవాళ్లు ముందే బ్యాంకుకు చెప్పాలి.

ఆ అబ్బాయి రెండు లక్షలకు దిగాడు. నేను కాగితాలు ముందుపెట్టి, "ఇంతకంటే తక్కువకు చేసే మనిషి దొరికితే మిగిలింది నీదే నాయనా, ఎక్కువైతే మాత్రం నా దగ్గరికి రావద్దు" అన్నాను. ఒప్పుకున్నాడు. పాత అగ్రిమెంటుకు అనుబంధంగా స్టాంపు కాగితం మీద కొత్త ధర, మూడు లోపాలు, బోరు సంగతి, ఇకపై వాటి మీద అడగడం ఉండదన్న మాట రాసుకున్నాం. మిగతా డబ్బంతా బ్యాంకు ద్వారానే. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదు కదా.

తగ్గించిన దాంట్లో అక్క వాటా 75,000. మేస్త్రి లెక్కల ఫోటోలు పంపితే ఒక్కొక్కటీ చదివి, వైరింగు ధర ఇంకోచోట విచారించి, తర్వాతే చింతామణికి వచ్చి సంతకం పెట్టింది.